పాత యంత్రము – క్రొత్త పట్టా

మానవుడు నిర్మించిన యంత్రములలో ఒక వింత కలదు. పోతయినుముతో చేసిన పెద్ద భాగములు తరములు గడచినను చెక్కుచెదరవు. వాని నంటియున్న చిన్న భాగమొకటి అరిగిపోగానే యంత్రమంతయు మూలబడును. ఆ చిన్న భాగమును గుర్తించి, దానికి సరియైన మారు వెదకి తెచ్చుటయు ఒక విద్యయే. బ్యాండ్‌సా అను కోతయంత్రమును ఉదాహరణముగా గైకొని ఆ విద్యను గూర్చి తెలిసికొందము.

చేతిరంపము ముందునకును వెనుకకును కదలుచు కొయ్యను కోయును. బ్యాండ్‌సాలో రంపమనగా రెండు కొనలును కలిపి అతికిన పొడవైన ఉక్కుపట్టీ. దీనిని బ్లేడందురు. క్రింద నొకటి, మీద నొకటి యమర్చిన రెండు చక్రములపై అది మాలవలె తిరుగుచుండును. క్రింది చక్రమును మోటారు త్రిప్పును. మీది చక్రమును పైకెత్తి బ్లేడును బిగించుటకును, కొంచెము వంచి దాని దారిని సరిదిద్దుటకును మరలుండును. బల్లపై నుంచిన కొయ్యను మెల్లగా త్రోసినచో బ్లేడు ఎడతెగక క్రిందికి దిగుచు దానిని కోయును. వంపులు తిరిగిన కుర్చీకాళ్లను, గుండ్రని పలకలను కోయుటకు ఇది మిక్కిలి అనుకూలము.

ఇట్టి యంత్రమునకు విలియం న్యూబెరీ అను నతడు 1809లో ఇంగ్లాండులో పేటెంటు పొందెను. ఊహ చక్కనిదే. కాని ఆ కాలమున బ్లేడు కొనలను గట్టిగా అతుకు నేర్పు లేకుండెను. అతుకు మాటిమాటికి తెగుచుండుటచే యంత్రము వాడుకలోనికి రాలేదు. 1846లో ఆన్ పౌలిన్ క్రెపాన్ అను ఫ్రెంచి మహిళ అతుకు పద్ధతి యొకదానికి పేటెంటు పొందిన పిమ్మటనే దానికి మంచి దినములు వచ్చెను. చిన్న అతుకు కొఱకు అంతటి యంత్రము దాదాపు నాలుగు దశాబ్దములు వేచియుండెను!

బడులలోను చిన్న వడ్రంగిశాలలలోను ఉండు బ్యాండ్‌సాల చక్రముల అంచున రబ్బరు పట్టా తొడగబడియుండును. దానినే టైరని వ్యవహరింతురు. అది చేయు పనులు మూడు. బ్లేడు పండ్లు కొన్ని కుడికి, కొన్ని ఎడమకు వంచబడియుండును. అవి వట్టి యినుముపై ఒరసికొన్నచో వంపు చెడును. పట్టా మెత్తదనము వానిని కాపాడును. నున్నని యినుముపై బ్లేడు జారవచ్చును. పట్టా దానికి పట్టునిచ్చును. మూడవది మఱింత చిత్రము. అనేక యంత్రములలో పట్టా నడుమ కొంచెము ఉబ్బెత్తుగా నుండును. తిరుగుచున్న బ్లేడు ఎత్తైన చోటికే ప్రాకుట స్వభావము గావున, అది ప్రక్కకు జారిపోక నడుమనే నిలుచును.

రబ్బరు శాశ్వతము కాదు. చెట్టుపాలనుండి తీసిన రబ్బరు ఎండకు మెత్తబడి, చలికి గట్టిపడును. చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికా దేశస్థుడు 1839లో దానిని గంధకముతో కలిపి కాచిన గట్టితనము వచ్చునని కనుగొనెను. అట్లయినను గాలి, వేడి, నూనె దానిని క్రమముగా తినివేయును. పట్టా ఎండి పగుళ్లిచ్చును. నడుమ గాడి పడును. తుదకు పెచ్చులై రాలును. అప్పుడు బ్లేడు వణకును, దారి తప్పును, కోత వంకరవోవును.

1952–53లో ముదలియార్ కమిషను బహుళార్థసాధక పాఠశాలలను గూర్చి సిఫారసు చేసెను. ఆ పిమ్మట కొన్ని ఉన్నత పాఠశాలలలో చేతిపనుల శాలలు నెలకొనెను. అట్టి శాల గల యొక పాఠశాలలో నేను ప్రధానోపాధ్యాయుడుగా నుంటిని. అందలి బ్యాండ్‌సా పట్టాలు పెచ్చులూడగా యంత్రము నిలిచిపోయెను. దానిని చేసిన కంపెనీ ఎన్నడో మూతబడినది. వర్తకులకు వ్రాయగా, “ఆ సామాను ఇక రాదు” అని బదులు వచ్చెను. యంత్రమును తుక్కుక్రింద అమ్మివేయవలెనని పాఠశాల సంఘమువారు తలపోసిరి. అది పోయినచో వడ్రంగము తరగతియు పోవును. ఆ తరగతిలోని పిల్లలు పలువురు ఆ పనినే నమ్ముకొని బ్రతుకదలచినవారు.

ఒక విద్యార్థి, “అయ్యా, సైకిలు ట్యూబు కోసి అంటింతమా?” అని యడిగెను.

వడ్రంగము ఉపాధ్యాయుడు తల యూపి, “కొందఱట్లు చేయుదురు నాయనా. కాని ట్యూబు అతుకువద్ద ఎత్తుగా నుండును. ఎత్తుపల్లములపై బ్లేడు ఎగిరినచో ముందు పోవునది వ్రేలు. పిల్లలు నిలుచుండు యంత్రమునకు అది తగదు. మనము కంపెనీ పేరు పట్టుకొని వెదకుచున్నాము. కొలత పట్టుకొని వెదకుదము” అనెను.

పిల్లలు పురికొస తెచ్చి చక్రము చుట్టుకొలత తీసిరి. పాత పట్టాపై కొలిచినవారికి నలుబది నాలుగు ముప్పాతిక అంగుళములు వచ్చెను. పట్టా ఒలిచి వట్టి యినుముపై కొలిచినవారికి 44 అంగుళములే వచ్చెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వేసి చూపెను. చక్రపు వ్యాసము 14 అంగుళములు. దానిని 22/7తో గుణించిన 44 అగును. పట్టా మందము అంగుళములో ఎనిమిదవ వంతు. అది రెండు ప్రక్కల చేరి వ్యాసమును పావు అంగుళము పెంచును; అందుచే చుట్టుకొలత ముప్పాతిక అంగుళమునకు పైగా పెరుగును. కావలసినది వట్టి చక్రపు కొలతయే. అంచు వెడల్పు, పట్టా మందము, అంచు చదునుగా నున్నదా, గాడి కలిగియున్నదా అను విషయములను గూడ వ్రాసికొనిరి.

ఆ కాగితమును, పాత పట్టా ముక్కను తీసికొని ఉపాధ్యాయుడు నగరమున బ్లేడులతుకు దుకాణమునకు పోయెను. దుకాణదారుడు కొలతలు చూచి, వేఱొక కంపెనీ యంత్రమునకై చేసిన పట్టాల జత నిచ్చెను. అవి పాలీయూరిథేన్ అను కృత్రిమ పదార్థముతో చేసినవి. అవి రబ్బరువలె నూనెకు త్వరగా లొంగవు. కంపెనీ పేరు వేఱు, కొలత ఒక్కటే.

తొడుగుటయు నేర్పుతో చేయవలసిన పనియే. ముందుగా కరెంటు తీగ ఊడదీసి, బ్లేడు తొలగించిరి. పాత జిగురును గోకి అంచులను శుభ్రపఱచిరి. క్రొత్త పట్టా చక్రముకంటె కొంత చిన్నదిగనే యుండును. సాగి బిగిసియుండుటకే అట్లు చేయుదురు. దానిని వేడినీటిలో నానవేసి, ఒకచోట బిగించి పట్టి, తక్కిన భాగమును సాగదీసి ఎక్కించిరి. మన పల్లెలలో కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుటయు ఇట్టిదే గదా! అతడు నిప్పులో కాచి వ్యాకోచింపజేసి, తొడిగి, నీరు పోసి బిగియజేయును. పిమ్మట నున్నని గుండ్రని కడ్డీని పట్టాక్రింద దూర్చి చక్రము చుట్టును త్రిప్పి, సాగుదలను అంతటను సమము చేసిరి. బ్లేడు వేసి తొలుత చేతితోనే త్రిప్పి చూచిరి. అది నడుమ నిలిచినదని తేలిన పిదపనే మోటారు నడపిరి. తుక్కుకు పోవలసిన యంత్రము కొయ్యను దారము పట్టినట్లు కోసెను.

విద్యార్థులారా! మీ యిండ్లలోను కుట్టుమిషనో, నీటిపంపో చిన్న భాగము లేక మూలబడి యుండవచ్చును. దానిని పారవేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. చెడిన భాగము చేయు పని యేమి? దాని కొలత యెంత? ఆ కొలత గలది మఱెక్కడ దొరకును? అపాయము గల యంత్రమైనచో పెద్దల తోడు లేక ముట్టకుడు. పేర్లు మాసిపోవచ్చును, కంపెనీలు మూతబడవచ్చును. సరిగా తీసిన కొలత మాత్రము ఏ అంగడిలోనైనను చెల్లును.

ప్రశ్నలు

1. బ్యాండ్‌సా పట్టా చేయు మూడు పనులను వివరింపుడు.
2. సైకిలు ట్యూబును వాడుటకు ఉపాధ్యాయుడు ఏల సమ్మతింపలేదు?
3. చక్రపు వ్యాసము 21 అంగుళములైనచో చుట్టుకొలత యెంత?