చిగుళ్ల వ్యాధి – చక్కెర వ్యాధి

చెరకు పండే సీమ మనది. గోవాడ చక్కెర మిల్లు, అనకాపల్లి బెల్లపు మార్కెట్టు పేర్లు వినని వారు చోడవరంలో అరుదు. తీపికీ పంటికీ గల వైరం అందరూ చెప్పుకొనేదే. కాని చిగుళ్లకూ చక్కెర వ్యాధికీ గల సంబంధం పలువురికి తెలియదు. పళ్లు తోముకొనేటప్పుడు రక్తం కనబడితే “వేడి చేసింది” అని ఊరుకోవడం మన ఇళ్లలో పరిపాటి. ఆ ఉపేక్షను గూర్చియే ఈ వ్యాసం.

పంటి మొదట సూక్ష్మజీవులు పాచిగా పేరుకొంటాయి. తొలగించకుంటే అది గట్టిపడి గారగా మారుతుంది. చిగుళ్లు ఎర్రబడి వాస్తాయి, రక్తం కారుతుంది. ఈ దశలో శ్రద్ధ వహిస్తే వ్యాధి నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక క్షీణించి, పళ్లు కదలి ఊడిపోతాయి.

ఈ కీడు నోటితో ఆగదు. వాచిన చిగుళ్ల నుండి వెలువడే కొన్ని పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి ఆటంకం కలిగిస్తాయి. మరొకవైపు, రక్తంలో చక్కెర హెచ్చితే రోగనిరోధక శక్తి సన్నగిల్లి చిగుళ్ల వాపు ముదురుతుంది. ఈ విధంగా ఒక వ్యాధి మరొక వ్యాధిని పోషిస్తుంది. నేత్రాలకు, మూత్రపిండాలకు, నాడులకు కలిగే హాని సరసన చిగుళ్ల వ్యాధిని చేర్చి, దానిని మధుమేహపు ఆరవ ఉపద్రవంగా 1993లో హరాల్డ్ లో అనే దంతశాస్త్రవేత్త పేర్కొన్నారు. చిగుళ్లకు చికిత్స జరిగిన మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ విలువ, అనగా కొన్ని నెలల చక్కెర సగటును తెలిపే కొలత, సుమారు 0.43 పాయింట్లు తగ్గినట్లు 2022 నాటి కోక్రేన్ సమీక్ష తెలిపింది. ఈ చికిత్స మందులకు బదులు కాదు, మందులకు తోడు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు కొనను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చే అలవాటు కలదు. దీనినే ‘అడ్డపొగ’ అంటారు. ఇది అంగిలి క్యాన్సరుకు దారితీయగలదని వైద్యులు ఎన్నడో గుర్తించారు. పొగాకు చిగుళ్లనూ చెరుస్తుంది. పైగా రక్తస్రావాన్ని తగ్గించి, వ్యాధిని కప్పిపుచ్చుతుంది. కనుక పొగ త్రాగేవారు రక్తం కారడం లేదని ధీమా పడరాదు.

2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం భారతదేశంలో మధుమేహులు 10 కోట్లకు పైబడి ఉన్నారు. మన పెద్దలు కొందరు వారిలో ఉండవచ్చు. విద్యార్థులారా! వేపపుల్ల అయినా, మిస్వాక్ అయినా, బ్రష్ అయినా, రోజుకు రెండుమార్లు చిగుళ్ల అంచు వరకు శుభ్రపరచుకోండి. ఇంట చక్కెర వ్యాధి ఉన్నవారిని “మీ చిగుళ్ల నుండి రక్తం వస్తున్నదా?” అని నేడే అడగండి. వస్తున్నదంటే దంతవైద్యుని వద్దకు మీరే వెంటబెట్టుకొని వెళ్లండి. చదువుకొన్న బిడ్డ ఇంటికి చేయగల సేవలలో ఇదీ ఒకటి.