పార్సిల్ పగిలాక రిస్కు చార్జీ మాటేమిటి?

మాలూరు తాలూకా శివారపట్నలో చెక్కిన రాతి విగ్రహం కానీ, బంగారుపేట అంగడి నుంచి బయల్దేరే మిక్సీ కానీ, రాబర్ట్‌సన్‌పేటలోని తల్లిదండ్రులు హైదరాబాదులో ఉన్న కూతురికి పంపే గాజుసామాను కానీ ఇప్పుడు కొరియర్ కౌంటర్ మీదుగానే పోతున్నాయి. కౌంటర్లో కూర్చున్నవాళ్లు వస్తువు విలువ అడుగుతారు, ఇన్సూరెన్స్ వేయాలా అని అడుగుతారు, రవాణా చార్జీకి తోడు మరికొంత వసూలు చేసి డాకెట్ అనే రసీదు చేతిలో పెడతారు. పార్సిల్ పగిలి చేరినప్పుడు మాత్రం, వారాల తరబడి తిప్పుకున్నాక, ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది: ప్యాకింగ్ సరిగా లేదు కాబట్టి క్లెయిమ్ తిరస్కరించాం. చాలామంది అక్కడితో వదిలేస్తారు. వదిలేయాల్సిన పని లేదు. వస్తువు విలువ తెలుసుకుని, ఆ విలువకు తగ్గ రిస్కు చార్జీ విడిగా తీసుకున్న కంపెనీకి ఆ ఒక్క వాక్యంతో బయటపడే వీలును మన చట్టం ఇవ్వలేదు. పగలడానికి కారణం తన అజాగ్రత్త కాదని చూపాల్సిన భారం కంపెనీదే.

రోడ్డు మీద సరుకు మోసేవాళ్ల బాధ్యతను 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం నిర్ణయిస్తుంది. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో ఇది 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఇంటి నుంచి ఇంటికి సరుకు చేర్చే కొరియర్ ఏజెన్సీలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని అందులోనే రాసి ఉంది; మేం లారీ కంపెనీ కాదు అన్న వాదన ఇక్కడ చెల్లదు. 10వ సెక్షన్ ప్రకారం మామూలు రేటుకు బుక్ చేస్తే కంపెనీ బాధ్యతకు ఒక హద్దు ఉంటుంది. 2011 నిబంధనలు ఆ హద్దును రవాణా చార్జీకి పది రెట్లుగా పెట్టాయి, అదీ మనం ప్రకటించిన విలువకు మించకుండా. నలభై వేల రూపాయల విగ్రహాన్ని మూడు వందల చార్జీతో పంపితే, అది ముక్కలైనా చేతికొచ్చేది మూడు వేలే. అయితే ఎక్కువ రిస్కుకు ఎక్కువ రేటు చెల్లించడానికి పంపినవారు ఒప్పుకుంటే ఈ హద్దు తొలగిపోతుందని అదే సెక్షన్ చెబుతోంది. అప్పుడు బాధ్యత ఇద్దరూ ఒప్పుకున్న షరతుల ప్రకారం ఉంటుందని 11వ సెక్షన్ అంటుంది. ఆ ఎక్కువ రేటు వసూలు చేయాలంటే దాన్ని ఇంగ్లీషులోనూ రాష్ట్ర భాషలోనూ, అంటే మన కర్ణాటకలో కన్నడంలో, ఆఫీసులో కనబడేలా రాసి పెట్టాలని కూడా ఆ సెక్షనే ఆదేశిస్తోంది. బంగారుపేట, కేజీఎఫ్, కోలారు ఆఫీసుల్లో పార్సిల్ ఇచ్చేవాళ్లు గోడ మీద ఆ బోర్డు ఉందో లేదో చూడాలి. లేకపోతే ఫోన్‌తో ఆ గోడను ఫొటో తీసి పెట్టుకోవాలి. రేపు షరతులన్నీ మీకు ముందే తెలుసు అని కంపెనీ అన్నప్పుడు ఆ ఫొటో మాట్లాడుతుంది.

డాకెట్ మీద ఓనర్ రిస్క్, క్యారియర్ రిస్క్ అని రెండు గళ్లు ఉంటాయి. విలువ మీద వేసే చార్జీని ఎఫ్‌ఓవీ (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అంటారు. విలువ చార్జీ తీసుకుని కూడా ఓనర్ రిస్క్ గడిలో టిక్కు పెట్టేస్తే, చెల్లించిన మనిషి తనకు రక్షణ ఉందనుకుంటాడు, కాగితం మాత్రం లేదంటుంది. కౌంటర్ దగ్గర చూసుకోవాల్సింది మొదట ఈ టిక్కునే. అయినా ఓనర్ రిస్క్ అని రాసినంతమాత్రాన కంపెనీ అజాగ్రత్తకు మాఫీ దొరకదు. నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో సరుకు ఓనర్ రిస్క్ మీద బుక్ అయి, అగ్నిప్రమాదంలో పోయింది. సరుకు మోసేవాడి బాధ్యత బీమా కంపెనీ బాధ్యత లాంటిదేననీ, ఆ రెండు మాటలు అజాగ్రత్తను కప్పిపుచ్చవనీ సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. పాత చట్టం కింద ఇచ్చిన తీర్పే అయినా, నష్టపోయినవాడు అజాగ్రత్తను రుజువు చేయనక్కర్లేదన్న సూత్రాన్ని కొత్త చట్టమూ నిలబెట్టింది. ఈ సూత్రం వినియోగదారుల ఫోరాల్లో కూడా వర్తిస్తుందని 2000లోనే పటేల్ రోడ్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కంపెనీ లాయర్లు మొదట ముందుకు తెచ్చేది 1996 నాటి భారతి నిట్టింగ్ కంపెనీ, డీహెచ్‌ఎల్ కేసు. జర్మనీకి పంపిన పత్రాలు ఆలస్యంగా చేరి, పంపినవారికి లక్షల్లో నష్టం వచ్చింది. రసీదు మీద బాధ్యత వంద డాలర్లకే పరిమితం అని అచ్చు వేసి ఉంది, పంపినవారు సంతకం చేశారు. సంతకం చేసిన షరతుకు కట్టుబడాల్సిందేనని, వంద డాలర్లకు మించి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. ఈ తీర్పుకు బలముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ అది ఏం చెప్పిందో నిదానంగా చూడాలి. ఇద్దరూ ఒప్పుకున్న మొత్తాన్ని కోర్టు పెంచజాలదు అన్నది అందులోని సారం. మన వాదనకు ఆ తీర్పు అడ్డు రాదు సరికదా, ఊతమిస్తుంది. నలభై వేల విలువకు చార్జీ కట్టించుకున్న చోట ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం నలభై వేలే. ఒప్పందానికి కట్టుబడాలన్న నియమం పంపినవాడికి ఎంత వర్తిస్తుందో, డబ్బు తీసుకున్న కంపెనీకీ అంతే వర్తిస్తుంది. డాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మామూలు హద్దును, ముందు పేజీలో అంకెలతో నింపిన విలువ మీదికి తెచ్చి పెట్టడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం ప్యాకింగ్. ఇందులో కొంత నిజం ఉంటుంది. రాతి విగ్రహాన్ని పాత చీరలో చుట్టి అట్టపెట్టెలో పెడితే ఎంత జాగ్రత్తగా మోసినా చెయ్యి విరగవచ్చు. అలాంటి చోట పరిహారం తగ్గడం, అసలు రాకపోవడం కూడా జరగవచ్చు. అయితే ఆ అభ్యంతరాన్ని పార్సిల్ తీసుకునేటప్పుడే చెప్పాలి. పెట్టెను చూసి, తూచి, ఏ మాటా రాయకుండా చార్జీ తీసుకున్న కంపెనీ, పగిలాక ప్యాకింగ్ బాగాలేదంటే ఆ మాటకు రుజువు చూపాలి. క్యారేజ్ బై రోడ్ చట్టం 17వ సెక్షన్ కంపెనీకి బాధ్యత తప్పే సందర్భాలను చెబుతుంది: దైవికమైన విపత్తు, యుద్ధం, అల్లర్లు, చట్టప్రకారం జరిగిన స్వాధీనం, ప్రభుత్వ ఉత్తర్వు. అక్కడా తగిన జాగ్రత్తతో తప్పించగలిగిన నష్టమైతే బాధ్యత తప్పదు. పార్సిల్ ఇచ్చేటప్పుడు లోపలి చుట్టునూ, మూసిన పెట్టెనూ ఫొటో తీసి ఉంటే సగం వివాదం అక్కడే తీరుతుంది. అందుకునేవాళ్లు పెట్టె మూలలు చూడాలి. మూల నలిగి ఉన్నా, టేపు మళ్లీ అంటించినట్టున్నా డెలివరీ కాగితం మీద పెట్టె దెబ్బతిని ఉంది అని రాసి సంతకం చేయాలి. ఫోన్ తెర మీద వేలితో సంతకం చేయించుకుంటే అదే మాటను వెంటనే కంపెనీ ఈమెయిల్‌కి పంపాలి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయాలి, అట్టపెట్టెనూ లోపలి కాగితాలనూ పారేయకూడదు. కంపెనీ మనిషి వచ్చి చూసి రాసిన రిపోర్టు ఉంటే దాని కాపీ లిఖితపూర్వకంగా అడగాలి.

మూడో అభ్యంతరం: మేం ఇవ్వాలనే అనుకున్నాం, ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోలేదు. ఇక్కడ ఇన్సూరెన్స్ అన్న మాట కింద రెండు వేరువేరు ఒప్పందాలుంటాయి. కొరియర్ తానే ఎక్కువ రిస్కు మోస్తానని చార్జీ తీసుకుంటే, ఆ రిస్కును తను ఏ బీమా కంపెనీకి అప్పజెప్పిందో మనకు సంబంధం లేదు; మన బాకీదారు కొరియరే. నిజంగా ఒక బీమా కంపెనీ పాలసీ ఇచ్చి ఉంటే ఆ పాలసీ కాపీ, నంబరు అడిగి తీసుకోవాలి, ఫిర్యాదులో రెండు కంపెనీలనూ చేర్చాలి. బీమా కంపెనీ తిరస్కారం మీద ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు చేసి, ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు. బీమా ఉంది కదా అని కొరియర్ తప్పుకోవడం కూడా కుదరదు. 2010లో ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్, చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదాని సారం ఇదే: బీమా కంపెనీ పరిహారం ఇచ్చినా, సరుకు మోసినవాడిపై యజమానికున్న హక్కు చచ్చిపోదు, ఆ స్థానంలోకి బీమా కంపెనీ వస్తుంది.

పార్సిల్ ఏ దారిన వెళ్లిందన్నది బంగారుపేటవాళ్లు మరీ చూసుకోవాలి, ఎందుకంటే ఇది రైల్వే జంక్షన్. రైల్వే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసినదానికి 1989 రైల్వే చట్టం వర్తిస్తుంది. విలువ ప్రకటించి దానికి తగ్గ అదనపు చార్జీ కడితేనే ఆ విలువ మేరకు పరిహారం, సరుకు రైల్వేకు అప్పగించిన ఆరు నెలల్లో నోటీసు, వెళ్లాల్సింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి. తపాలా శాఖ కొరియర్ లాంటిది కాదు. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన పోస్టాఫీసు చట్టం ప్రకారం నిబంధనలు ఒప్పుకున్న మేరకే దానికి బాధ్యత. విదేశాలకు విమానంలో పంపిన సరుకు పగిలితే అందిన పద్నాలుగు రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్నది అంతర్జాతీయ ఒప్పందపు నియమం. అమెరికాలో ఉన్న పిల్లలకు ఈ గడువు ముందే చెప్పి ఉంచడం మంచిది.

రోడ్డు పార్సిల్ విషయంలో మరిచిపోకూడని గడువు 180 రోజులు. బుక్ చేసిన రోజు నుంచి ఆ లోపు కంపెనీకి లిఖితపూర్వక నోటీసు అందకపోతే క్యారేజ్ బై రోడ్ చట్టం 16వ సెక్షన్ కింద ఏ కేసూ నిలవదు. కస్టమర్ కేర్ వాళ్లతో ఫోన్లో మాట్లాడుతూ ఈ గడువు దాటబెట్టుకోవడమే జనం చేసే పెద్ద పొరపాటు. డాకెట్ నంబరు, తేదీ, ప్రకటించిన విలువ, కట్టిన రిస్కు చార్జీ, దెబ్బ ఏమిటో రాసి, పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఏడు రోజుల్లో చెప్పకపోతే క్లెయిమ్ లేదని డాకెట్ వెనక ఉంటే కంగారు పడనక్కర్లేదు. గడువు పేరుతో హక్కునే చంపేసే షరతు చెల్లదని కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ చెబుతుంది.

నోటీసు తర్వాత వెళ్లాల్సింది కోలారులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. రసీదు మీద ముంబై కోర్టులకే అధికారం అని ఉన్నా, ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకునే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న షరతు కమిషన్‌ను ఆపజాలదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసు 2018లో తేల్చింది. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువు ఉంది. మీరు వ్యాపారం కోసం పంపారు గనక వినియోగదారు కారు అని కంపెనీ అనవచ్చు. తన చేతి పనితో బతికే శిల్పికీ, చిన్న అంగడి నడుపుకునేవారికీ ఆ మాట తగలదు, జీవనోపాధి కోసం స్వయంగా చేసుకునే పనిని చట్టమే మినహాయించింది. పెద్ద వ్యాపారులకు శాశ్వత లోక్ అదాలత్ ఉంది. సరుకు రవాణా, బీమా రెండూ దాని పరిధిలోని ప్రజోపయోగ సేవలే, కోటి రూపాయల వరకూ అది విచారిస్తుంది.

మనవైపు ఒక బలహీనత ఉంది. రిస్కు చార్జీ తగ్గుతుందని నలభై వేల వస్తువుకు ఐదు వేలని రాయించేవాళ్లు చాలామంది. కౌంటర్లోవాళ్లే అలా రాయమని సలహా ఇస్తుంటారు కూడా. అలా రాసిన డాకెట్‌తో ఏ కమిషన్ ముందుకెళ్లినా ఐదు వేలకు మించి అడగడం దాదాపు అసాధ్యం. విలువ నిజం రాసి, దాన్ని చూపే బిల్లు జతచేసి, క్యారియర్ రిస్క్ గడిలో టిక్కు పెట్టించుకున్నవారికి ఈ చిక్కు లేదు. కమిషన్‌లో వేసిన ఫిర్యాదుకు కంపెనీ 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆపైన గడువు పెంచే అధికారం కమిషన్‌కే లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉత్తర్వు వచ్చాక కూడా చెల్లించకపోతే అదే వినియోగదారుల చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకూ జైలు, లేదా పాతిక వేల నుంచి లక్ష వరకూ జరిమానా, లేదా రెండూ పడవచ్చు.