టైర్ల మీద వంటిల్లు, ఎర్త్ ఎక్కడ?

సోమాజిగూడలో రోడ్డు పక్కన టిఫిన్ వ్యాను కనబడితే, నా కళ్లు దోసె పెనం కన్నా ముందు కరెంటు వైరు మీద పడతాయి. షాపు నుంచి లాగిన ఆ వైరులో ఉన్నది 230 వోల్టులు. వ్యానేమో రబ్బరు టైర్ల మీద ఉంది, నేలతో సంబంధం లేదు. లోపల ఫేజ్ తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఫ్యూజు పోదు. తడి నేల మీద నిలబడి ఎవరైనా బాడీని ముట్టుకుంటే మాత్రం కరెంటుకి దారి దొరుకుతుంది. ఆ మనిషే ఎర్త్ వైరు!

"ఎంసీబీ ఉంది కదా" అంటారు. లెక్క వేద్దాం. తడి ఒంటికి సుమారు 1000 ఓములు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం లెక్కలోకే రాదు. అది కాపాడేది వైరుని.

కాబట్టి మూడు పనులు చేయాలి. ఒకటి, మూడు తీగల కేబుల్ వాడి, ఎర్త్ తీగని బాడీకి బోల్టుతో బిగించాలి. షాపు ఎర్త్ నిజంగా పనిచేస్తోందో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. రెండు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతే అది వెంటనే సప్లై ఆపేస్తుంది. మూడు, కుదుపులకి విరగని సన్న పోగుల రాగి తీగ వేయాలి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడిపోతేనే అది పనిచేస్తున్నట్టు.