గుర్రాలను కాపాడిన వెల్మా

అమెరికా చాలా పెద్ద దేశం. ఆ దేశంలో పడమటి దిక్కున నెవాడా అనే రాష్ట్రం ఉంది. అక్కడ వానలు తక్కువ. ఎటు చూసినా కొండలు, ఎండిన మైదానాలు, చిన్న చిన్న పొదలు. ఆ నేల మీద అడవి గుర్రాలు తిరుగుతుంటాయి. వాటిని మస్టాంగులు అంటారు. వాటికి కళ్లెం లేదు, జీను లేదు, యజమాని లేడు.

ఈ గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

సుమారు 500 ఏళ్ల కిందట స్పెయిన్ దేశస్థులు ఓడల మీద అమెరికాకు గుర్రాలను తెచ్చారు. వాటిలో కొన్ని తప్పించుకుపోయాయి. తర్వాత వచ్చినవాళ్లు కూడా కొన్నింటిని వదిలేశారు. అవి కొండల్లో పిల్లల్ని పెట్టి పెరిగాయి. అక్కడి ఆదివాసులు గుర్రపు స్వారీలో ఆరితేరారు.

మందలో ఎవరి పని ఏమిటి?

అడవి గుర్రాలు చిన్న చిన్న మందలుగా బతుకుతాయి. మందలో ఒక మగ గుర్రం, కొన్ని ఆడ గుర్రాలు, వాటి పిల్లలు ఉంటాయి. మగ గుర్రమే ముందు నడుస్తుందని అనుకుంటాం. కానీ చాలాసార్లు ముందు నడిచేది వయసు మళ్లిన ఆడ గుర్రం. నీళ్లు ఎక్కడున్నాయో, గడ్డి ఎక్కడుందో దానికి తెలుసు.

మరి మగ గుర్రం ఏం చేస్తుంది? మంద వెనక నడుస్తుంది. కాపలా కాస్తుంది. వెనకబడిన పిల్లను ముందుకు తోలుతుంది. వేరే మగ గుర్రం మంద మీదికి వస్తే ఊరుకోదు. చెవులు వెనక్కి పెడుతుంది. వెనక కాళ్ల మీద లేస్తుంది. కరుస్తుంది, తంతుంది. ఆపద వస్తే మందకు అడ్డంగా నిలబడుతుంది.

అయితే ఎంత ధైర్యం గల గుర్రమైనా విమానంతో పోట్లాడగలదా?

లారీ కింద రక్తం

గుర్రాలను పట్టి అమ్మే మనుషులు బయలుదేరారు. వాళ్లు చిన్న విమానాల్లో బాగా కిందికి వచ్చి ఎగిరేవారు. గుర్రాలు బెదిరి కొండల మీద నుంచి మైదానంలోకి పరుగెత్తేవి. అక్కడ లారీలతో తరిమేవారు. మెడకు తాడు వేసేవారు. ఆ తాడు రెండో కొసకు బరువైన టైరు కట్టి ఉండేది. దాన్ని ఈడ్చి ఈడ్చి గుర్రం కూలబడేది. ఆ మాంసం కుక్కల మేతకు పోయేది.

1950లో ఒకరోజు వెల్మా జాన్‌స్టన్ అనే ఆమె కారులో పనికి పోతోంది. ముందు ఒక లారీ పోతోంది. దాని కింద నుంచి రక్తం కారుతోంది. వెల్మా ఆ లారీ వెంటే పోయింది. లారీ కబేళా దగ్గర ఆగింది. లోపల చూస్తే గాయాలతో ఉన్న అడవి గుర్రాలు!

ఎవరీ వెల్మా?

వెల్మా 1912లో పుట్టింది. చిన్నప్పుడు పోలియో వచ్చింది. నెలల తరబడి ఒంటికి కట్టుతో ఆసుపత్రిలో ఉంది. ముఖం, ఒళ్లు వంకర తిరిగాయి. అయినా చదువుకుంది. ఆఫీసులో ఉద్యోగం చేసింది. ఆమె దగ్గర డబ్బు లేదు, పదవి లేదు. రాయడం మాత్రం వచ్చు.

కలం పట్టిన పోరాటం

పగలు ఉద్యోగం, రాత్రి ఉత్తరాలు. అర్జీ రాసి, ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించింది. 1952లో ఆమె ఉన్న జిల్లాలో విమానాలతో గుర్రాలను తరమడం ఆగింది. 1955లో నెవాడా రాష్ట్రం కూడా చట్టం చేసింది. కానీ నెవాడాలో ఎక్కువ భూమి కేంద్ర ప్రభుత్వానిది. ఆ భూమికి ఈ చట్టం వర్తించలేదు.

వెల్మా వెనకడుగు వేసిందా? వెయ్యలేదు. గిట్టనివాళ్లు ఆమెను ఎగతాళిగా 'అడవి గుర్రాల ఆనీ' అన్నారు. ఆమె సిగ్గుపడలేదు. ఆ పేరునే తన పేరు చేసుకుంది. దేశ రాజధానికి వెళ్లి చట్టసభవారి ముందు మాట్లాడింది. 1959లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ప్రభుత్వ భూముల్లో మోటారు బళ్లతో, విమానాలతో గుర్రాలను వేటాడడం నేరమైంది. నీటి గుంటల్లో విషం కలపడం కూడా నేరమైంది.

అయినా గుర్రాలకు పూర్తి రక్షణ లేదు. అప్పుడు బడిపిల్లలు కదిలారు. వేలాది మంది పిల్లలు తమ చేతులతో ఉత్తరాలు రాశారు. 1971లో మరో చట్టం వచ్చింది. అడవి గుర్రాలను, అడవి గాడిదలను కాపాడడం ప్రభుత్వం బాధ్యత అయింది. వెల్మా 1977లో చనిపోయింది.

ఇప్పుడు సంగతి ఏమిటి?

గుర్రాలు పెరిగాయి. 2024 లెక్క ప్రకారం ప్రభుత్వ భూముల్లో గుర్రాలు, గాడిదలు కలిపి 73 వేలకు పైగా ఉన్నాయి. గడ్డి, నీళ్లు చాలవని ప్రభుత్వం కొన్నింటిని పట్టి, పెంచుకునేవారికి ఇస్తోంది. హెలికాప్టర్లతో తోలడానికి 1976లో ప్రభుత్వానికి వీలు దొరికింది. అది తప్పని కొందరు, తప్పదని కొందరు ఇప్పటికీ వాదిస్తున్నారు. చట్టం వస్తే చాలదు. అది ఎలా అమలవుతోందో కూడా చూస్తూ ఉండాలి.

కొత్త మాటలు
కబేళా – పశువులను కోసే చోటు
అర్జీ – కోరిక తెలుపుతూ అధికారులకు రాసే కాగితం
అమలు – చట్టంలో ఉన్నట్టు నడపడం

చెప్పండి
1. మంద ముందు ఎవరు నడుస్తారు? వెనక ఎవరు నడుస్తారు?
2. 1955 చట్టం ఎందుకు చాలలేదు?
3. వెల్మాకు ఉన్న బలం ఏమిటి?

మాట్లాడుకోండి, రాయండి
మీ ఊళ్లో నీళ్లు, దారి, దీపాలు, బడి – వీటిలో ఏది సరిగా లేదు? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక అర్జీ రాయండి. కింద మీ సంతకాలు పెట్టండి.