మానిఫోల్డ్ ఎందుకు ఎర్రబడింది?

పాఠ్యభాగ పరిచయం

వైద్యుడు రోగిని పరీక్షించే తీరుకూ, మెకానిక్ వాహనాన్ని పరీక్షించే తీరుకూ దగ్గరి పోలిక ఉంది. ఇద్దరికీ మొదట కనిపించేది లక్షణమే. కారణం లోపల దాగి ఉంటుంది. ఒక చిన్న పెట్రోలు కారులో పొగ వెలువడే భాగం అతిగా వేడెక్కినప్పుడు దానికి కారణాన్ని ఏ క్రమంలో వెదకాలో ఈ పాఠం వివరిస్తుంది. సాంకేతిక విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు పని చేసేవారి మాటలు ఎట్లా అక్కరకు వస్తాయో కూడా విద్యార్థులు గమనించాలి.

పాఠ్యభాగం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వరి ధాన్యానికి మిర్యాలగూడ పేరుపొందిన కేంద్రం. అక్కడి బియ్యపు మిల్లుల చుట్టూ గాలిలో ఊక, దుమ్ము ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. మిర్యాలగూడ నుండి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు, కోదాడ నుండి జాతీయ రహదారిపై సూర్యాపేటకు ఒక కుటుంబం పాత కారులో ప్రయాణిస్తున్నదని అనుకొందాం. ఈ రహదారి పూర్వం 9వ నంబరుది, ఇప్పుడు 65వ నంబరుది. కాలం మే నెల. కారు మారుతి 800.

ఈ కారును ఎన్నుకోవడానికి కారణం ఉంది. 1983 డిసెంబరులో మొదటి కారు యజమాని చేతికి అందినప్పటి నుండి 2014 జనవరిలో ఉత్పత్తి ముగిసేవరకు మధ్యతరగతి కుటుంబాలకు కారు అంటే ఇదే. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాలలో భారత్ స్టేజ్-4 నియమాలు వచ్చినప్పుడు ఆ నగరాలలో దీని అమ్మకం ఆగింది గాని, చిన్న పట్టణాలలో కొనసాగింది. 796 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, మూడే సిలిండర్లు. నేర్చుకొనేవారికి ఇంత అనువైన యంత్రం మరొకటి దొరకడం కష్టం.

ఇక విషయానికి వద్దాం. సిలిండర్లలో పెట్రోలు, గాలి కలిసి మండిన తరువాత మిగిలిన వేడి వాయువు బయటికి పోవాలి. మూడు సిలిండర్ల నుండి వచ్చే మూడు పాయలను ఒకే గొట్టంలో కలిపే పోత ఇనుప భాగాన్ని ‘ఎగ్జాస్ట్ మానిఫోల్డ్’ అంటారు. దీనికి ‘నిష్కాస నాళిక’ వంటి సంస్కృత పదాన్ని కల్పించవచ్చు. అయితే ఆ పేరుతో సూర్యాపేటలో ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్లినా మనకు కావలసిన వస్తువు దొరకదు. అందువల్ల ఈ పాఠంలోనూ మానిఫోల్డ్ అనే అందాం.

మానిఫోల్డ్ వేడిగా ఉండడం దోషం కాదు. మనం పోసే పెట్రోలులోని శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మిగిలినదానిలో కొంత రేడియేటర్ నీటిలోకి, అంతకు తక్కువ కాకుండా పొగలోకి పోతుంది. బండి నిలిచి ఇంజను నడుస్తున్నప్పుడే మానిఫోల్డ్ పైభాగం 200 నుండి 300 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండవచ్చు. రహదారిపై నిండు బరువుతో పోయేటప్పుడు లోపలి వాయువు 700 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి ‘వేడిగా ఉన్నదా?’ అన్నది సరైన ప్రశ్న కాదు. ‘ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉన్నదా? ఉంటే ఆ అదనపు వేడి ఎక్కడి నుండి వచ్చింది?’ అని అడగాలి.

దీనికి కమ్మరి కొలిమి మంచి పాఠశాల. కమ్మరి ఇనుమును రంగు చూసి అంచనా వేస్తాడు. ఏ ఘనపదార్థమైనా సుమారు 525 డిగ్రీల దగ్గర చీకటిలో మసక ఎరుపుగా వెలగడం మొదలుపెడుతుందని జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రవేత్త 1847లో వెల్లడించాడు. వేడి పెరిగిన కొద్దీ ఆ ఎరుపు చిక్కబడి, తరువాత నారింజ రంగుకు తిరుగుతుంది. రాత్రివేళ రహదారిపై చాలాసేపు వేగంగా నడిపి ఆపిన కారులో, లోపమేమీ లేకపోయినా, మానిఫోల్డ్ లీలగా ఎర్రబడి కనిపించవచ్చు. కాని ఇంటి ముందు ఊరికే నిలిపి ఉంచిన బండిలో అది ఎర్రబడితే, పగటి వెలుతురులో కూడా ఎరుపు కనిపిస్తే, తప్పక పరీక్షించాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. డ్యాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు నీటి వేడిని చెబుతుంది. పొగ వేడి సంగతి దానికి తెలియదు. ముల్లు మధ్యలో నిశ్చింతగా నిలిచి ఉండగానే కింద మానిఫోల్డ్ కొలిమిలోని ఇనుములా కాలుతూ ఉండవచ్చు.

మన కుటుంబం కోదాడ దాటి సూర్యాపేట చేరి ఒక షెడ్డు ముందు ఆగిందనుకొందాం. యజమాని దిగి, “అన్నా, బండి గుంజుతలేదు. జర మిస్సింగ్ కూడ కొడుతున్నది. కాలిన వాసన వస్తున్నది” అన్నాడు. మెకానిక్ స్పానరు తీయకముందే, “ఎన్నడి సంది? ఈ నడుమ ఏమన్న పని చేయించినవా?” అని అడిగాడు. తెలంగాణ మాండలికంలోని ఈ నాలుగు ముక్కల సంభాషణలో సగం పరీక్ష పూర్తయింది. ‘గుంజు’ అంటే లాగు. గుంజుతలేదు అంటే ఇంజను బలం తగ్గింది. ‘మిస్సింగ్’ అంటే ఏదో ఒక సిలిండర్ మధ్యమధ్య మండడం లేదు. ఇవి రెండూ కలిసి వచ్చాయా, ఒకదాని తరువాత ఒకటి వచ్చాయా అన్నది అన్నిటికంటె ముఖ్యం.

తరువాత చూడవలసినది ఎరుపు ఎక్కడ ఉన్నదని. సాయంత్రం చీకటి పడ్డాక బానెట్ ఎత్తి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. మూడు పాయలూ సమానంగా ఎర్రబడితే కారణం మూడింటికీ ఉమ్మడిది: టైమింగ్ గాని, ఇంధన మిశ్రమం గాని, ముందుకు పోయే దారిలో అడ్డు గాని. ఒక్క పాయ మాత్రమే ఎర్రబడితే ఆ సిలిండర్‌లోనే చూడాలి. దాని ఇంజెక్టర్ మూసుకొనిపోయి పెట్రోలు చాలక ఉండవచ్చు, లేదా పొగ వాల్వు సరిగా మూసుకోక మంట గొట్టంలోకి కారుతూ ఉండవచ్చు. గ్యాస్ కిట్టు బిగించిన పాత కార్లలో వాల్వు కూర్చునే చోటు అరిగి, ట్యాపెట్ సందు మూసుకొనిపోయి, ఈ రెండో దోషం రావడం సాధారణం. కంప్రెషన్ గేజీతో చూస్తే తేలిపోతుంది.

మూడో సందర్భం కొంత విచిత్రమైనది. మంటే పుట్టని సిలిండర్ పాయ మిగిలిన రెండింటికంటె చల్లగా ఉంటుంది. అయినా వెనుక గొట్టంలో విపరీతమైన వేడి పుడుతుంది. దీనికి కారణం కేటలిటిక్ కన్వర్టర్. పొగలోని విషవాయువులను మార్చే పరికరమిది. లోపల తేనెపట్టులాంటి పింగాణి జాలీ, దానిపై ప్లాటినం వంటి విలువైన లోహాల పూత ఉంటాయి. మనదేశంలో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు ఈ పూతను పాడుచేస్తుంది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. సిలిండర్‌లో మండని పెట్రోలు ఈ జాలీలోకి చేరి అక్కడ మండుతుంది. కొన్ని వారాలు ఇట్లా సాగితే పింగాణి కరిగి గడ్డకట్టి దారిని మూసివేస్తుంది. దారి మూసుకొంటే వేడి వాయువు వెనుకకు తన్ని మానిఫోల్డ్‌లో నిలుస్తుంది. అప్పుడు మానిఫోల్డ్ ఎర్రబడుతుంది.

ఈ గొలుసును వెనుక నుండి ముందుకు చదవండి. ఎర్రబడింది మానిఫోల్డ్, మూసుకొన్నది కన్వర్టర్, కాని అసలు దోషం వందో రెండు వందలో పెడితే వచ్చే ఒక ప్లగ్గుది కావచ్చు. మానిఫోల్డ్ మార్చినా వేడి తగ్గదు. కన్వర్టర్ మార్చితే తగ్గుతుంది గాని, ప్లగ్గు పాతదే ఉంటే వేల రూపాయల కొత్త కన్వర్టర్ కూడా కొన్ని నెలలలో కాలిపోతుంది. యజమాని మాత్రం, “మొన్ననే మార్పించినం గద” అని మెకానిక్‌ను నిందిస్తాడు. ఆ నిందలో కొంత న్యాయం లేకపోలేదు.

దారి మూసుకొన్నదా లేదా అని విప్పకుండానే తెలుసుకోవచ్చు. గాలి లోపలికి పోయే మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజీ తగిలిస్తే, ఆరోగ్యమైన ఇంజను ఐడిలింగ్‌లో 17 నుండి 21 అంగుళాల పాదరసం వరకు నిలకడగా చూపుతుంది. నిమిషానికి 2,500 చుట్ల దగ్గర యాక్సిలరేటర్‌ను కదలకుండా పట్టుకొన్నప్పుడు ముల్లు క్రమక్రమంగా కిందికి జారితే, పొగ దారిలో అడ్డు ఉన్నదని అర్థం. అట్లా జారకుండా, ఐడిలింగ్‌లోనే 15 దగ్గర నిశ్చలంగా నిలిస్తే మంట ఆలస్యంగా అంటుకొంటున్నదని గాని, వాల్వులు ఆలస్యంగా తెరుచుకొంటున్నవని గాని అనుమానించాలి. గేజీ లేనప్పుడు సైలెన్సర్ కొసన, చేయి కాలకుండా, అరచేతిని కొంచెం దూరంగా పెట్టి పొగ తాకిడిని చూసే అలవాటు పాత మెకానిక్కులకు ఉంది. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

ఆలస్యపు టైమింగ్ సంగతి వివరంగా తెలుసుకోదగినది. పిస్టన్ పైకి చేరడానికి కొంచెం ముందే నిప్పురవ్వ పడాలి. అప్పుడు మంట పుట్టించిన పీడనం పిస్టన్‌ను కిందికి నెట్టి పనిగా మారుతుంది. రవ్వ ఆలస్యమైతే, పొగ వాల్వు తెరుచుకొనే సమయానికి కూడా మంట పూర్తికాదు. పనిగా మారవలసిన వేడి మానిఫోల్డ్ పాలవుతుంది. అందుకే ఈ దోషంలో బలం తగ్గడం, మైలేజి పడిపోవడం, మానిఫోల్డ్ కాలడం ఒకేసారి కనిపిస్తాయి. టైమింగ్ బెల్ట్ మార్పించిన మరునాటి నుండే ఇవి మొదలైతే పెద్దగా వెదకనక్కర లేదు. బెల్ట్ ఒక పన్ను జరిగి ఉంటుంది. మెకానిక్ మొదటే “ఏమన్న పని చేయించినవా?” అని అడిగింది ఇందుకే.

మిశ్రమం సంగతి ప్లగ్గు చెబుతుంది. ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి పూర్తి దహనానికి సరిపోతుంది. గాలి ఎక్కువై పెట్రోలు పలుచబడితే మంట నిదానంగా సాగి గొట్టం దాకా వస్తుంది. అప్పుడు ప్లగ్గు కొస తెల్లగా ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే నల్లని మసి. లేత గోధుమ రంగు ఉంటే సరి. మిర్యాలగూడ మిల్లుల దుమ్ముతో గాలి ఫిల్టరు నిండిపోయిన కార్బొరేటర్ బండిలో మసి పట్టడం సహజం. అది ముందుగా మైలేజి నష్టం.

మానిఫోల్డ్‌కు, ఇంజనుకు మధ్య ఉండే ప్యాకింగ్ కాలిపోతే ఉదయం బండి తీయగానే ‘టిక్ టిక్’ అనే చప్పుడు వస్తుంది. వేడెక్కి ఇనుము వ్యాకోచించగానే ఆగిపోతుంది గనుక ఎవరూ పట్టించుకోరు. కాని ఆ సందు నుండి కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. అద్దాలు మూసి ప్రయాణిస్తున్న పిల్లలకు తలనొప్పి, వికారం కలిగితే ప్రయాణపు బడలిక అని సరిపెట్టుకోరాదు.

మరొక ప్రమాదం ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది. వరి కోతల కాలంలో రైతులు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, పక్కన గడ్డి పరుస్తారు. ఎండుగడ్డి 300 డిగ్రీల లోపే పొగ చూరడం మొదలుపెడుతుంది. మిస్సింగ్ కొడుతున్న కారు కన్వర్టర్ అంతకు రెట్టింపు వేడిగా ఉండవచ్చు. గొట్టం మీది రేకు కవచం చప్పుడు చేస్తున్నదని ఎవరో ఊడదీసి పారవేసిన బండిని గడ్డి మీద ఆపితే, ఐదు నిమిషాలలో కారు, కల్లం రెండూ అంటుకోగలవు. చప్పుడు చేసే రేకుకు కొత్త బోల్టు వేయాలి గాని, రేకును తీసివేయరాదు.

కొందరు కన్వర్టర్ మూసుకొన్నప్పుడు లోపలి జాలీని ఇనుప కడ్డీతో పొడిచి ఖాళీ చేస్తారు. మానిఫోల్డ్ వెంటనే చల్లబడుతుంది, బండి గుంజుతుంది, ఖర్చు ఉండదు. కాని పొగలోని విషమంతా ఊరి గాలిలో కలుస్తుంది. ఇది మరమ్మతు అనిపించుకోదు.

మన కారు విషయంలో మెకానిక్ ప్లగ్గులు విప్పి చూడగా రెండో దాని పింగాణి పగిలి ఉన్నది. వాక్యూమ్ గేజీ ముల్లు నెమ్మదిగా జారింది. మూడు కొత్త ప్లగ్గులు, వైర్లు వేసిన తరువాతనే అతడు కన్వర్టర్ విప్పాడు. పని ముగిశాక కోదాడ దిశగా పది కిలోమీటర్లు నడిపి తెచ్చి, మూడు పాయల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచాడు. తుప్పు పట్టిన పోత ఇనుము మీద ఈ పరికరం ఇంచుమించు సరిగా చెబుతుంది. మెరిసే స్టీలు మీద తక్కువ చూపి మోసగిస్తుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. పొద్దుగూకిన తరువాత బానెట్ ఎత్తి మరొకసారి చూశారు. లోపలంతా నల్లగానే ఉన్నది.

అర్థాలు

లీలగా = కొద్దిగా, మసకగా
వ్యాకోచించు = వేడికి పెరుగు
గుంజు = లాగు (తెలంగాణ మాండలికం)
సంది = నుండి (తెలంగాణ మాండలికం)
బడలిక = అలసట
కల్లం = ధాన్యం నూర్చి ఆరబెట్టే చోటు

అభ్యాసం

1. మానిఫోల్డ్ వేడిగా ఉండడం దోషం కాదని రచయిత ఎందుకు అన్నారు?
2. మిస్సింగ్ కొట్టే సిలిండర్ పాయ చల్లగా ఉన్నా వెనుక గొట్టం ఎందుకు కాలుతుంది? కార్యకారణ క్రమంలో రాయండి.
3. టైమింగ్ బెల్ట్ మార్పించిన మరునాడే ఒక కారు మైలేజి పడిపోయి, మూడు పాయలూ సమానంగా ఎర్రబడ్డాయి. 2,500 చుట్ల దగ్గర వాక్యూమ్ ముల్లు జారలేదు. మొదట ఏది పరీక్షిస్తారు? ఎందుకు?
4. మీ ప్రాంతపు మెకానిక్కులు వాడే పది మాటలను సేకరించి, వాటి అర్థాలను శిష్ట వ్యావహారికంలో రాయండి.