వెదకువారికి దొరకు వీడియో: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

గ్రామమునకు సంబంధించిన సమాచారమును ప్రజలకు అందజేయుట పంచాయతీ ముఖ్య విధులలో నొకటి. పూర్వము ఈ పనిని దండోరా నిర్వహించినది. పిదప పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డు నిర్వహించినది. నేడు అనేక పంచాయతీలు గ్రామసభ విశేషములను, పన్ను చెల్లించు విధానమును, మంచినీటి జాగ్రత్తలను సెల్‌ఫోనుతో వీడియో తీసి యూట్యూబులో ఉంచుచున్నవి. ఇది మెచ్చదగిన కృషియే. కాని దండోరా పిలువకనే ఇంటింటికి వినబడును; వీడియో యన్ననో, వెదకి చూచువారికే ఎక్కువగ అందును. వెదకినవారికిని అది కనబడనిచో మన శ్రమ వ్యర్థమగును. కావున వెదకినపుడు మన వీడియో ముందు వరుసలో నిలుచుటకు చేయవలసిన పనులను ఈ పాఠమున తెలిసికొందము.

ఇది ఏల ముఖ్యము?

2005లో ప్రారంభమైన యూట్యూబులో ప్రతి నిమిషమునకు 500 గంటలకు మించిన నిడివిగల వీడియోలు చేరుచున్నవని ఆ సంస్థయే ప్రకటించియున్నది. అట్టి సముద్రములో మన గ్రామపు వీడియో ఒక నీటి బొట్టు.

2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మిరప తోటలను నల్ల తామర పురుగు పట్టి పీడించినది. పూవులలో చేరి రసము పీల్చు ఈ పురుగు వలన పూత రాలి రైతులు మిక్కిలి నష్టపడిరి. అట్టి కష్టము వచ్చినపుడు చేని గట్టున నిలిచి ఫోనులో వెదకు రైతు మొదట కనబడిన రెండు మూడు వీడియోలను చూచును. పదవదాని వరకు పోవు ఓపిక అతనికి ఉండదు. ముందు కనబడినది మందు అమ్ముకొనువాని మాటయైనచో, అప్పు చేసి పనికిరాని మందు కొనును. వ్యవసాయాధికారి చెప్పిన సరియైన సలహా పంచాయతీ వీడియోలో ఉండియు, అతని కంటబడకున్నచో లేనట్లే గదా!

యూట్యూబు దేనిని చూచి ఎంచును?

వెదకినపుడు ముఖ్యముగ మూడు విషయములను గమనింతుమని యూట్యూబు చెప్పుచున్నది. మొదటిది, వెదకిన మాటలకు వీడియో శీర్షిక, వివరణ, అందలి విషయము ఎంతవరకు సరిపోవుచున్నవి అనునది. రెండవది, ఆ మాటలతో వెదకి వచ్చినవారు దానిని ఎంతసేపు చూచిరి అనునది. మూడవది, ఆ విషయమున ఆ ఛానలు ఎంత నమ్మదగినది అనునది. ఎందరు తెరచిరి అను లెక్కకంటె ఎంతసేపు చూచిరి అను లెక్కకు 2012 నుండి అధిక ప్రాధాన్యము కలిగినది. మామూలు ఫలితములలో ముందు స్థానము కొరకు ఎవరి వద్దను ధనము పుచ్చుకొనమని ఆ సంస్థ తెలిపినది. ధనమిచ్చి వేయించినది ప్రకటనగనే గుర్తింపబడును. కనుక పెద్ద సంస్థకును చిన్న పంచాయతీకిని ఇచట పోటీకి అవకాశము కలదు.

శీర్షిక, వివరణ

అన్నిటికంటె ముందు సరిదిద్దవలసినది శీర్షిక. ‘రైతు అవగాహన సదస్సు - 3వ భాగము’ అని వ్రాసినచో, అది మన కార్యాలయపు ఫైలుకు తగిన పేరు. రైతు ఆ మాటలతో వెదకడు. ‘మిరపలో నల్ల తామర పురుగు: గుర్తులు, నివారణ’ అని వ్రాసినచో అతని మాటకు మన మాట కలియును. శాస్త్రనామము కాక ఊరిలో పలుకు పేరే శీర్షికలో ఉండవలెను. శీర్షికకు 100 అక్షరముల హద్దు కలదు. చిన్న ఫోనులో చివరి మాటలు తెగిపోవును గనుక ముఖ్యమైన మాటలు మొదటనే రావలెను.

వివరణకు 5,000 అక్షరముల వరకు చోటు కలదు. తెరవకమునుపే కనబడునవి తొలి పంక్తులే గనుక వానిలోనే వీడియో సారాంశమును చెప్పవలెను. తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాసి వెదకువారు మనలో అనేకులు. వారి కొరకు ముఖ్యమైన పేర్లను ఆ లిపిలో కూడ ఒకసారి వ్రాయుట మేలు. గ్రామము, మండలము, జిల్లా పేర్లు, తీసిన తేదీ తప్పక ఉండవలెను. ట్యాగులను గూర్చి చాలమంది శ్రమపడుదురు గాని, వాని ప్రభావము స్వల్పమని యూట్యూబే చెప్పుచున్నది.

మొదటి అర నిమిషము

మన సభలలో దండలు వేయుట, వేదికపైకి ఆహ్వానించుట, స్వాగతోపన్యాసము పరిపాటి. సభకు అవి శోభనిచ్చును. వీడియోకు మాత్రము చేటు. చూచువాడు పది క్షణములలో విసిగి మరియొకదానికి పోవును. అట్లు పోవువారు పెరిగినకొలది వీడియో వెనుకకు జరుగును. కావున మొదటి వాక్యముననే ప్రశ్నను చెప్పి వెంటనే జవాబునకు రావలెను. ‘కుళాయి కొత్త కనెక్షనుకు కావలసిన కాగితములు ఏవి?’ అని మొదలిడి, ఆ కాగితములను చేత పట్టి చూపవలెను. సర్పంచిగారి సందేశము చివర ఉండవచ్చును.

దీర్ఘమైన గ్రామసభ వీడియోను అధ్యాయములుగ విభజింపవచ్చును. వివరణలో సమయములను వరుసగ వ్రాసి, ప్రక్కన విషయమును వ్రాసిన చాలును. మొదటి సమయము 00:00 కావలెను. కనీసము మూడు అధ్యాయములు ఉండవలెను. ఒక్కొక్కటి 10 సెకన్లకు తగ్గరాదు. అపుడు వీధి దీపముల చర్చ కావలసినవాడు తిన్నగ అచటికే పోగలడు. వీడియో ముఖచిత్రముపై నాలుగైదు పెద్ద మాటలకు మించి వ్రాయరాదు.

చేయరాని పనులు

లోపల లేనిదానిని శీర్షికలో చెప్పుట, ధనమిచ్చి దొంగ చూపులను కొనుట యూట్యూబు నియమములకు విరుద్ధము. అంతకుమించి, పంచాయతీ మాటపై ప్రజలకుగల నమ్మకము ఒకసారి చెడిన మరల కుదురదు. పింఛను పొందువారి ఆధారు సంఖ్యలను, బ్యాంకు పుస్తకములను కెమెరా యెదుట చూపరాదు.

ఒకసారి ఉంచిన వీడియోను అదే లంకెలో వేరొకదానితో మార్చుటకు వీలులేదు. శీర్షికను, వివరణను మాత్రము ఎపుడైనను మార్చవచ్చును. గడువు దాటిన పథకపు వీడియో ఇంకను ముందుగ కనబడుచున్నచో పేదవాడు పని మానుకొని ఊరక కార్యాలయముల చుట్టు తిరుగును. కావున శీర్షికలో సంవత్సరమును వ్రాయుడు. గడువు ముగిసినపిమ్మట ఆ సంగతిని వివరణలో తెలుపుడు, లేదా వీడియోను ప్రజలకు కనబడకుండ చేయుడు.

పరీక్షించు విధము

మన ఫోనులో వెదకి మన వీడియోయే మొదట వచ్చినదని సంతోషింపరాదు. ఫలితములపై ఆ ఫోనులో పూర్వము చూచిన వీడియోల ప్రభావము కూడ ఉండును. మన ఛానలును ఎన్నడును చూడని యొకరి ఫోనులో వెదకినపుడే నిజము తెలియును. ఇదికాక, యూట్యూబు స్టూడియోలో ప్రజలు ఏ మాటలతో వెదకి మన వీడియోకు వచ్చిరో, ఏ నిమిషమున విడిచిపోయిరో కనబడును. నెలకొకసారి ఈ లెక్కను పంటల లెక్కవలె పరిశీలింపవలెను.

సభ్యులు వచ్చు సమావేశమునకు ముందు ఒక చిన్న అభ్యాసము చేయుదురుగాక. ఒక రైతును, ఒక గృహిణిని, ఒక వృద్ధుని కలిసికొని, ‘ఈ సంగతి తెలియవలెనన్న ఫోనులో ఏమని అడుగుదురు?’ అని ప్రశ్నించి, వారు పలికిన మాటలను ఉన్నవి ఉన్నట్లే వ్రాసికొనుడు. మన తరువాతి వీడియోకు తగిన శీర్షిక ఆ కాగితముపైననే ఉండును.