పాత ఇంజను, కొత్త పట్టాలు

చి॥ బాబుకు,

చదువుకోవడానికి బర్మింగ్‌హామ్ వచ్చినవాడివి, సంతలో పాత ట్రయాంగ్ మోడల్ రైలింజను, నాలుగు వాగన్లు కొన్నావని విని ఎంత సంతోషించానో! పెకో పట్టాలు, డీసీసీ అనే డిజిటల్ కంట్రోలరు మాత్రం ఇప్పటివి తీసుకున్నావు. "అన్నీ ఒకటే గేజి కదా తాతయ్యా, నడవవా?" అన్నావు. నడుస్తాయి. అయితే గేజి కలిసినంత మాత్రాన అన్నీ కలిసినట్టు కాదు.

బ్రిటన్ డబుల్ ఓ మోడళ్లూ, యూరప్, అమెరికా హెచ్‌ఓ మోడళ్లూ 16.5 మి.మీ. పట్టాల మీదే నడుస్తాయి. కానీ బ్రిటన్ బండ్లు చిన్నవి, ఆనాటి మోటార్లు పెద్దవి. మోటారు పట్టడానికి ఇక్కడివాళ్లు బండిని 1:76 కొలతకు పెంచి, పట్టాను 1:87 కొలతలోనే ఉంచేశారు. అందుకే జర్మన్ పెట్టెను బ్రిటిష్ పెట్టెకు తగిలిస్తే ఒకటి పొట్టిగా కనిపిస్తుంది.

అసలు చిక్కు చక్రాల దగ్గర. ట్రయాంగ్ పాత చక్రాల అంచులు బాగా లోతు. పెకో కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ., కోడ్ 75 ఎత్తు 1.9 మి.మీ. తక్కువ ఎత్తు పట్టా మీద ఆ అంచులు స్లీపర్ల మీది బుడిపెలను కొట్టుకుంటూ టకటకమంటాయి. ఇక రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం చూడు. ఇప్పటి డబుల్ ఓ పట్టాలకు అది దాదాపు 14.5 మి.మీ. ఉండాలి. పాతవాటిలో తరచు అంతకన్నా తక్కువే. అప్పుడు పాయింటు దగ్గర చక్రాలు చెక్‌రెయిల్‌ను బిగబట్టి పైకెక్కేస్తాయి. వాగన్లకైతే వాటి ఇరుసుకు సరిపోయే కొత్త చక్రాలు వేసెయ్. ఇంజను డ్రైవింగ్ చక్రాలను మాత్రం మెలితిప్పకు. ఆ జతలో ఒక పక్క చక్రానికీ రెండో పక్క చక్రానికీ 90 డిగ్రీల తేడా పెట్టి బిగిస్తారు. అది చెదిరిందా, రాడ్లు పట్టేస్తాయి. నన్నడిగితే ఆ ఇంజన్ని కోసి మార్చేకంటే దానికి కోడ్ 100తో ఒక లైను వేరుగా వేసి, మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలరు పెట్టడమే మేలు.

డీసీసీలోనే నడపాలని నీకు పట్టుదల ఉంటే, ముందు మోటారును చూడు. ఎక్స్04 మోటారయితే బ్రష్‌లను నొక్కే స్ప్రింగుకు రెండు చేతులుంటాయి. ఒకదానికి చిన్న ఇన్సులేషన్ గొట్టం తొడిగి ఉంటుంది, రెండోది ఉత్త లోహం. ఆ ఉత్త చెయ్యి మీదుగానే కరెంటు ఛాసిస్‌కు, అక్కణ్నుంచి ఒక పక్క చక్రాలకు పోతుంది. డీసీసీ కోసం ఇంజనులో పెట్టే డీకోడరుకు ఇది ప్రాణాంతకం. రెండో చేతికీ గొట్టం తొడిగి, బ్రష్‌లకు విడివిడిగా వైర్లు లాగి, ఏ పక్క చక్రంతోనూ మోటారుకు కనెక్షన్ లేదని మల్టీమీటరుతో చూసుకో. తరవాత 12 వోల్టులిచ్చి చక్రాలను ఒక్క క్షణం పట్టి ఆపి, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చదువు. డీకోడరు ఓర్చుకునే కరెంటును అది మించితే ఆ ఆలోచన మానుకో. శుభ్రం చేద్దామని ఆర్మేచరును ఊరికే బయటికి లాగకు, అయస్కాంతం బలం తగ్గిపోతుంది. అడ్డంగా ఇనుపముక్క పెట్టాకే తియ్యాలి.

ఇంకో హెచ్చరిక. సంతలో పాత హార్న్‌బీ డబ్లో ఇంజను చవగ్గా దొరికితే చూసి కొను. 1938 నుంచి వచ్చినవి మూడు పట్టాలవి, చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు. నీ పట్టాల మీద పెట్టగానే షార్ట్. వాళ్లు రెండు పట్టాలకు మారింది 1959లో. మార్క్‌లిన్‌దీ మూడు పట్టాల తీరే, పైగా పాతవాటికి ఏసీ కరెంటు.

కప్లింగుల కోసం మటుకు దిగులు పడకు. ఒక వాగన్‌కు ఒక చివర పాత కొక్కెం, రెండో చివర కొత్తది బిగించి మధ్యలో పెట్టు. ఇక్కడి అసలు రైల్వేలో కూడా కప్లింగులు కలవని బండ్ల మధ్య ఇలాంటి వాహనాన్నే తగిలించి లాగుతారు. మిగతా వాగన్లలో ఒక్క కొక్కేన్నీ కొయ్యక్కర్లేదు. వాటిని అలాగే ఉంచాలని నా కోరిక.

నా దగ్గర రెండు కాలిపర్లున్నాయి, ఒకటి పోస్టులో పంపుతున్నాను. ముందు నాలుగు వాగన్ల చక్రాలూ కొలిచి రాసుకో. ఇరుసుల పొడవు కూడా తీసుకుంటే, ఆదివారం ఫోన్లో ఏ చక్రాలు తెప్పించాలో చెబుతాను.

తాతయ్య